మొగ దాటే లోపల

కడిగిన డబ్బా ఇంకా దడి మీదే బోర్లించి ఉంది. అది చూసి అక్కడే కూలబడ్డాను.

ఆ తెల్లవారుజామున మా అబ్బాయి బోటుకి మూడు డబ్బాల మంచినీళ్లు పంపాను. నేను కడిగి ఆరబెట్టినవీ మూడే. మరి ఒకటి దడి మీద ఎలా మిగిలింది? బోటెక్కిన మూడో డబ్బా ఏది?

మా వైపు రొయ్యల చెరువుల మీద పనికి వెళ్లేవాళ్లందరం ఖాళీ పురుగుమందు డబ్బాలు ఇంటికి తెచ్చుకుంటాం. బూడిదా చింతపండూ వేసి నాలుగైదు సార్లు తోమి, ఎండబెట్టి, మంచినీళ్లు పట్టుకుంటాం. తప్పని ఎవరూ అనుకోరు, అన్ని ఇళ్లలోనూ ఉంటాయి. నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతవరకే. డబ్బా మీద ఏం రాసి ఉందో నాకేం తెలుస్తుంది? నా గుర్తు మూతలే. ఎర్ర మూతది మందు, నీలి మూతది మంచినీళ్లు.

ముందు రోజు సాయంత్రం ఒక మందు డబ్బా ఎర్ర మూత పగిలింది. అడుగున కొంచెం మందు మిగిలి ఉంది, ఒలికిపోతుందని కడిగిన డబ్బా నీలి మూత తీసి దానికి బిగించాను. పొద్దున్నకి ఆ సంగతే గుర్తు లేదు. మసక చీకట్లో నీలి మూతలు మూడూ చూసుకుని, మూడింట్లోనూ పంపు నీళ్లు పట్టి రేవుకి పంపాను. ఘాటు వాసన కొట్టే మందు కాదది. చెరువులో పురుగూ పీతా చావడానికి పోసేది. చేతులకు తొడుగు లేకుండా చెరువుల సూపర్‌వైజర్ ఆ డబ్బాని ముట్టుకునేవాడు కాదు.

బోటులో నలుగురు. మా అబ్బాయి, చుక్కాని పట్టే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇంకో ఇద్దరు. నాలుగు రోజుల వేట. అబ్బాయికి ఫోన్ చేశాను, స్విచ్ ఆఫ్. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టేస్తారు. బావగారు ఫోనే తీసుకెళ్లరు.

ఒక్కటే ఆశ. మా బోట్లవాళ్లు మొగ దాటేదాకా, అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు దాటేదాకా, ఏమీ తినరు, మంచినీళ్లు కూడా ముట్టరు. దాటాక కొబ్బరికాయ కొట్టి, అప్పుడు చద్దన్నం తిని నీళ్లు తాగుతారు. ఏరు మడ అడవిలో మెలికలు తిరుగుతూ వెళ్తుంది, బోటు మొగ చేరేసరికి చాలాసేపు పడుతుంది. చేరాక కూడా పోటు నిండేదాకా ఆగాలి, లేకపోతే ఇసుక మేటకు తగులుతుంది. ఇంటి వెనక కాలవ చూశాను. నీళ్లు అప్పుడే రెండో మెట్టు మీదికి ఎక్కాయి. మహా అయితే ఇంకో గంట.

ఎవరినైనా పంపుదామంటే ఏమని చెప్పను? నా కొడుక్కి నేనే మందు నీళ్లు పోసి పంపానని చెప్పడానికి నోరు రాలేదు. మా ఆయన మోపెడ్ బయటికి తీశాను. ఆయన పోయాక నేర్చుకున్నాను దాన్ని, వెనక చేపల తట్ట కట్టుకుని మొగల్తూరు వెళ్లి రావడానికి. సముద్రపు ఒడ్డు దారిన మొగ దాకా ఒంటరిగా ఎప్పుడూ వెళ్లలేదు. తట్ట విప్పే ఓపిక కూడా లేదు, అలాగే బయల్దేరాను.

ఆ దారి చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తారు. పొడుగునా సరుగుడు తోటలు. చెట్ల సందుల్లోంచి సముద్రం తెల్లగా కనబడుతుంది, మాయమవుతుంది. సరుగుడు గాలి హోరూ అలల హోరూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. ఆ హోరులో నాకు బోటు ఇంజన్ చప్పుడు వినబడుతున్నట్టే ఉంది. బండి ఆపి చెవి పెట్టాను, ఏమీ లేదు. ఇంకో మలుపు తిరిగాక మళ్లీ ఆపాను. ఒసేయ్, వింటూ కూచుంటావా, వెళ్తావా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

బీచ్ మలుపు దగ్గర ఒక కారు దారికి అడ్డంగా ఆగింది. నల్లకళ్లద్దాల అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పీతలున్నాయా ఆంటీ?"

"లేవండి. తప్పుకోండి."

"తట్ట ఉందిగా. చూపించండి, భీమవరం నుంచి వచ్చాం."

"ఏమీ లేదందులో! కారు తియ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది!"

"అబ్బో, పీత కన్నా ఆంటీయే కరిచేట్టుందిరా," అని నవ్వుకుంటూ కారు వెనక్కి తీశాడు.

అక్కడి నుంచి తారు లేదు. గాలికి ఇసుక దారి మీదికి వచ్చేసింది. చక్రం కూరుకుపోతే దిగి తోశాను, మళ్లీ ఎక్కాను, మళ్లీ దిగాను. తోట మధ్యలో సరుగుడు బాదులు, అంటే నరికిన కర్రలు, ఎక్కిస్తున్న లారీ ఒకటి, దారి మొత్తం దానిదే. కింద గుట్టగా బాదులు.

"లోడ్ అయ్యేదాకా దారి లేదమ్మా," అన్నాడు లారీ మీద నిలబడ్డవాడు.

"మా అబ్బాయి బోటు మొగ దాటేస్తుందన్నా. ఆపాలి."

"ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఎత్తట్లేదు."

"ఇంటి నుంచి ఫోన్ వస్తే నేనూ ఎత్తను," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

బాదులు కడుతున్న పెద్దావిడ నా మొహం చూసింది. "నవ్వుతారేంట్రా ఎదవల్లారా, ఊరికే వస్తుందా ఆవిడ ఇంత దూరం? బండెత్తండి!" అంది. ఇద్దరు దిగి ముందొకడు వెనకొకడు పట్టుకుని మోపెడ్‌ని చెట్ల మధ్య నుంచి అవతలికి దాటించారు. ఏమైందని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అక్కడే ఏడ్చేసేదాన్ని.

తోట అయిపోయాక మడ అడవి, దాని మధ్య నుంచి మట్టి గట్టు. గట్టుకు రెండు వైపులా మడ వేళ్ల మధ్యకి నీళ్లు వచ్చేస్తున్నాయి. పోటు నిండుతోంది. తొందరపడ్డాను, బండి జారింది. సైలెన్సర్ తగిలి పిక్క కాలింది. బండిని అక్కడే వదిలేసి, చీర ఎగ్గట్టి పరుగెత్తాను.

ఏటి ఒడ్డు కనబడేసరికి నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. అప్పటిదాకా ఎందుకు తట్టలేదో తెలియదు. మొగుడు పోయినవాళ్లు వేటకెళ్లే బోటుకి ఎదురు రాకూడదు. వస్తే ఆ రోజు వేట లేదు. ఏడేళ్లుగా బోటు కదిలే వేళకి నేను ఇంట్లో తలుపేసుకుని కూచుంటున్నాను. నీళ్లూ బియ్యమూ కూడా వేరేవాళ్ల చేత రేవుకి పంపుతాను. బావగారు ఒకసారి కూడా గట్టిగా అనలేదు, నేనే అనిపించుకోలేదు.

మడ పొదల వెనక నిలబడి చూశాను. లంగరు తీసేశారు. బోటు నా వైపుగానే వస్తోంది, లోతు దారి ఇసుక మేట అంచునే ఉంది మరి. కేకేశాను. వీధుల్లో చేపలమ్మి అమ్మి బొంగురుపోయిన గొంతు నాది, ఇంజన్ చప్పుడులో ఎంత దూరం వెళ్తుంది? పైట ఊపాను. అబ్బాయి వల సర్దుతూ సముద్రం వైపు తిరిగి ఉన్నాడు. ఇంకాసేపట్లో నా ముందు నుంచే వెళ్లిపోతారు. దాటగానే నీళ్లు తాగుతారు.

నీళ్లలోకి దిగాను. మొలలోతు దాటి ఇసుక మేట మీదికెక్కి, బోటు ముక్కుకి సూటిగా నిలబడ్డాను.

ఇంజన్ ఆగిపోయింది. నా కేక వినబడి కాదు. బావగారు నన్ను చూశారు.

"బుద్ధుందా అమ్మాయ్ నీకు? ఎదురుగా వచ్చి నిలబడతావా?" నా జవాబు వినకుండానే మిగతావాళ్ల వైపు తిరిగారు. "తిప్పండ్రా. ఇవాళ్టికి ఇంతే."

"నీళ్లు ముట్టకండి! బావగారూ, నీళ్లు ముట్టారా?"

"ఏ నీళ్లమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

"డబ్బాల్లో నీళ్లురా! తాగారా ఎవరైనా?"

"మొగ దాటకుండా ఎవరు ముడతారు?" అన్నారు బావగారు. అప్పటికి ఆయన గొంతు మారింది. బోటుని మేటకి ఆనించారు. నేను ఎలా ఎక్కానో తెలియదు. అన్నం గిన్నె పక్కన చెంబు నిండా నీళ్లున్నాయి. దాటగానే తాగడానికి ఒంపి పెట్టుకున్నారు.

"ఏ డబ్బాలోంచి ఒంపావురా?"

అబ్బాయి చూపించాడు. మూడు డబ్బాల్లోనూ వేళ్లు ముంచి చూశాను. రెండింట్లో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. వాడు చూపించిన దాంట్లో నీళ్లు వేళ్లకు జిగురుగా అంటుకున్నాయి. మూత సంగతీ, మందు సంగతీ అప్పుడు చెప్పాను. మా అబ్బాయి ఆ చెంబు వైపే చూస్తూ ఉండిపోయాడు.

బావగారు తన వేళ్లు కూడా ముంచి చూసుకున్నారు. చాలాసేపు రుద్దుకున్నారు. డబ్బా, చెంబు రెండూ ఒడ్డుకి మోసుకెళ్లి, ఏట్లో పడకుండా ఇసుకలో గొయ్యి తీసి ఒంపేశారు. తిరిగి వచ్చి మిగతా ఇద్దరితో అన్నారు: "ఆవిడ ఎదురొచ్చింది, బోటు తిప్పాం. ఊళ్లో ఎవరడిగినా ఇంతే. అర్థమైందా?"

వాళ్లు తలూపారు. నా వైపు చూడలేదాయన. "బండెక్కడ వదిలావ్?" అని మాత్రం అడిగి, అబ్బాయిని నా వెంట పంపారు.

అబ్బాయి బండి నడిపాడు, నేను వెనక కూచున్నాను. సరుగుడు తోటలన్నీ దాటాం. ఊరు దగ్గరపడ్డాక, "మూత మార్చినప్పుడే నాకు చెప్పాల్సిందమ్మా, డబ్బా మీద రాసిపెట్టేవాణ్ణి," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు కుళాయి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించారు. ఒకావిడ తగ్గించలేదు. "ఇంట్లో కూచోలేకపోయింది కాబోలు, కన్నకొడుకు బోటుకే ఎదురెళ్లింది!" అంది. బిందె నింపుకుని వచ్చేశాను. విషం పోసిన తల్లి అనిపించుకోవడం కన్నా అది నయమనిపించింది. ఒప్పుకోవాలి కదా, నయమనే అనిపించింది.

బావగారు కాలం చేసేదాకా అదే మాట మీద ఉన్నారు. ఇప్పటికీ మా ఊళ్లో ఆ రోజు బోటు ఎందుకు తిరిగిందంటే నేను ఎదురొచ్చానని చెబుతారు. అది అబద్ధమేమీ కాదు. నేను ఎదురెళ్లాను కాబట్టే ఇంజన్ ఆగింది. ఎందుకెళ్లానో మాత్రం బోటులో ఉన్నవాళ్లకే తెలుసు. అది నా నోటితో నేనే చెప్పాలని ఇన్నాళ్లూ అనుకుంటూ, ఈ రోజు చెప్పాను.