విమానానికి అందని తారాజువ్వ

బంగ్లాదేశ్ యుద్ధం నడిచిన చలికాలంలో మెదక్ మీదుగా పోయే విమానాన్ని కాపాడిన ఘనత మా ఉస్తాదుది. ఎవరి నుంచి కాపాడాడంటే, తన నుంచే. ఆ ప్రమాదాన్ని పుట్టించింది మాత్రం నా నోరు.

ఉస్తాద్ పెళ్లిళ్లకు బాణసంచా చేసే ముసలాయన. ఆరో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరు వదిలేసి సుఖపడ్డాక ఆయన దగ్గర చేరాను. యుద్ధం నాటికి పదేళ్లు దాటింది, నాకు పెళ్లి కూడా అయింది. అయినా నేను చేసిన తారాజువ్వను ఆయన ఒక్క పెళ్లి బరాత్‌కైనా తీసుకుపోలేదు.

తన జువ్వల సంగతి వేరు. అందరిలా నేల మీద సీసాలో పెట్టి వదలడు. పొడుగాటి వెదురుబొంగును భుజం మీద పెట్టుకొని అందులోంచి వదులుతాడు. అది మా ఊరి చర్చి శిఖరాన్ని మించి పోయి పగిలితేనే పెళ్లికొడుకు గుర్రం అడుగు వేసేది. ఎల్దుర్తి వాళ్లు, చేగుంట వాళ్లు ఆయన ఖాళీ చూసుకొని పెళ్లి పెట్టుకునేవాళ్లు.

ఆ రోజుల్లో ఓ సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతుంటే, రోజూ హైదరాబాద్‌కు పోయే ప్రయాణికుల విమానం పైనుంచి పోయింది.

పక్కన కూర్చున్నాయన తలెత్తి, "గంత మీద పోతుంటే దాన్ని ఎవడేం జేస్తడు?" అన్నాడు.

నేను ఊరుకుంటే అయిపోయేది. "మా ఉస్తాద్ భుజం మీద బొంగు వెట్టిండంటే, గది చేగుంటల దిగుతది" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో ఒకడు ఆ నవ్వు ఆరకముందే ఠాణాలో చెప్పి వచ్చాడు. యుద్ధం ఎవరితోనో, మా ఉస్తాద్ పేరు ఎలాంటిదో కలిపి చూసుకునే తెలివి నాకు గ్లాసు ఖాళీ అయ్యాక గాని రాలేదు.

మర్నాడే ఉస్తాద్ లైసెన్సు తీసుకుపోయారు. అది లేకపోతే పేలుడు మందు ముట్టుకోవడానికి లేదు. ఆ పని తప్ప ఆయనకు మరొకటి రాదు. ఆరు రోజులు సర్కారు కచేరీ మెట్ల మీద కూర్చున్నాం. రమ్మన్నప్పుడు లోపలికి, పొమ్మన్నప్పుడు మెట్ల మీదికి. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే కొంచెం కాళ్లు చాపుకొని కూర్చునేవాణ్ణి.

ఏడోనాడు పిలిచిన అధికారి కోస్తా నుంచి వచ్చినాయన. ఆయనా మాలాగే అలసిపోయి ఉన్నాడు.

"నేను ఊకెనే పరాచకానికి అన్న సార్" అన్నాను.

"పరాచకం అని రాయడానికి ఈ కాగితంలో చోటు లేదయ్యా. విమానానికి తగులుతుందా, తగలదా? పైవాళ్లు అంతే అడిగారు."

చివరికి ఆయనే దారి చెప్పాడు. మర్నాడు పొద్దున ఖిల్లా గుట్ట కింద ఉస్తాద్ జువ్వ వదలాలి. పైన కోట గోడ మీద ఓ జవాను నిలబడతాడు. జువ్వ అతని తల దాటకపోతే లైసెన్సు వాపస్. దాటిందా, ఇక అంతే.

ఉస్తాద్ జువ్వ ఆ గోడను సులువుగా దాటుతుంది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు.

ఇంటికొచ్చాక, "ఉస్తాద్, జర మందు తక్కువ కూరుదాం" అన్నాను.

ఆయన తన చేతులు చూసుకున్నాడు. "నలభై ఏండ్ల నుంచి మీదికి పోయేటిదే చేసిన బేటా. కింద పడేటిది చేసుడు నాకు రాదు. నువ్వు చెయ్."

"నేను చేసేటియి అన్ని గట్లనే పడ్తయి గద."

"అందుకే చెప్తున్న" అన్నాడు. నవ్వు మీసం దాకా వచ్చి ఆగిపోయింది.

పొద్దున గుట్ట కింద జాతరలా జనం. వచ్చే నెల పెళ్లి పెట్టుకున్న శంకరంపేటాయన కూడా వచ్చాడు. ఉస్తాద్ బొంగును భుజానికెత్తుకున్నాడు. నేను చేసిన జువ్వ రెండుసార్లు దగ్గి, గుట్టలో సగం దాకా పోయి, పక్కకు తిరిగి, సీతాఫలం పొదలో పడింది.

పైనుంచి జవాను, "నా కాళ్ల దాక గూడ రాలే సార్" అని కేకేశాడు.

అధికారి అక్కడే, మోకాలి మీద కాగితం పెట్టుకొని, విమానానికి అందదని రాసి లైసెన్సు చేతిలో పెట్టాడు. ఉస్తాద్ సలాం చేశాడు.

వెనక శంకరంపేటాయన, "గింతేనా? ఊకె మస్తు చెప్పిండ్రు" అనడం మా ఇద్దరికీ వినిపించింది.

గుట్ట దిగువ దారిలో నేను ఉండబట్టలేక, "గాయన బరాత్‌ల అసలుది వదలుండ్రి ఉస్తాద్. నోరు మూస్తడు" అన్నాను.

ఆయన లైసెన్సును మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. "అందదని సర్కారు రాసింది. ఇగ అందొద్దు బేటా."

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆ భుజం మీంచి పోయిన జువ్వలన్నీ నేను చేసినవే.