దేవుడి సొరకాయ

మా చర్చిలో కోత పండుగ అంటే ప్రతి కుటుంబమూ తమ పంటలో మొదటి ఫలం తెచ్చి బలిపీఠం ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. మెట్టుగూడలో ఇరుకు ఇళ్ళలో ఉండేవాళ్ళకి పంటెక్కడిది? అందుకని ముందురోజు సాయంత్రం అందరం మోండా మార్కెట్ మీద పడతాం. ఆదివారం పొద్దున బలిపీఠం ముందు ఆపిల్ పళ్ళు కూడా ఉంటాయి. సికింద్రాబాద్‌లో ఆపిల్ ఎవరు పండించారని పాస్టరుగారు ఇంతవరకూ అడగలేదు.

అడిగేది క్వయర్ అక్క. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆవిడే కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. ఆవిడ పెరట్లో నిజంగానే జామచెట్టుంది. బుట్టెడు జామకాయలు తెచ్చి పెట్టి, తీరిగ్గా నా సంచి వైపు చూసి, "ఏందమ్మా, ఈసారి సుత మార్కెట్ల పండిందేనా?" అని పదిమందిలో అంటుంది. నవ్వుతూనే అంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

పోయినేడాది పండుగ నుంచి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా అత్తయ్యతో అన్నాను. "వచ్చే పండక్కి నా చేత్తో కాయించిన కాయ ఆవిడ ముందు పెట్టకపోతే నన్నడగండి!"

"కాయించు, ఎవరొద్దన్నారు?" అన్నారు అత్తయ్య. ఆవిడది గుంటూరు వైపు. చిన్నప్పుడు పొలాల్లో తిరిగిన మనిషి. నా చేతి చలవ మీద ఆవిడకి బొత్తిగా నమ్మకం లేదు. నేను పెంచిన తులసి, పుదీనా, ఆఖరికి మనీప్లాంటు కూడా ఆవిడ కళ్ళ ముందే పోయాయి.

అయినా సొరవిత్తు మొలిచింది. పెరట్లో నీళ్ళ ట్యాంకు నుంచి గోడ దాకా నైలాన్ తాళ్ళు కట్టి పందిరి వేశాను. తీగ తాడెక్కింది, పూలు పూసింది. చూస్తే అన్నీ మగపూలే! పూయడం, రాలడం, మళ్ళీ పూయడం. ఇక ఇంతేలే అనుకుంటుండగా ఒక సాయంత్రం పూవు కింద బుల్లి కాయతో సహా ఒక ఆడపూవు కనబడింది. సొరపువ్వు పొద్దుగూకే వేళకి గాని విచ్చుకోదు. అప్పటికి తేనెటీగలన్నీ డ్యూటీ దిగి వెళ్ళిపోయి ఉంటాయి. అందుకని నేనే ఒక మగపూవును తుంచి, రేకులు తీసేసి, ఆడపూవుకి సుతారంగా అద్దాను.

"బాజాల్లేవు, భోజనాల్లేవు. ఇదేం పెళ్ళమ్మాయ్!" అన్నారు అత్తయ్య కుర్చీలోంచి.

పెళ్ళి ఫలించింది. వేలెడంత పిందె, ఒళ్ళంతా తెల్లటి నూగు, పొద్దున్నే ఆ నూగు మీద మంచు. ఆనందం పట్టలేక ఎవరొచ్చినా వేలు పెట్టి చూపిస్తుంటే అత్తయ్య నా వేలు పట్టుకుని మడిచేశారు. "పిందెకి వేలు చూపిస్తే రాలిపోతుందే! ఇది దేవుడి కాయ. ఇక దీని జోలికి ఎవరూ రాకూడదు." తన పాత చీర అంచు చింపి, గుర్తుగా ఆ పీలిక తొడిమ దగ్గర కట్టారు.

కొన్నాళ్ళకి ఆ పీలిక సన్నబడటం మొదలైంది. పోగులు పోగులుగా ఎవరో లాగేస్తున్నట్టు.

"అమ్మాయ్, దేవుడి గుడ్డ పీకుతున్నది నువ్వేనా?"

"నాకేం పనీ పాటా లేదా అత్తయ్యా?"

దొంగను పట్టాలని మర్నాడు పొద్దున్నే ఇద్దరం కాఫీ గ్లాసులతో తలుపు చాటున నిలబడ్డాం. వచ్చింది దొంగ! బొటనవేలంత పిట్ట, తోక నిటారుగా పెట్టింది. పీలిక మీద వాలి, ముక్కుతో ఒక పోగు లాగి, కాయ పక్కనున్న పెద్ద ఆకు కిందికి దూరింది. ఆకు రెండంచులూ దగ్గరికి లాగి, ముక్కుతో బెజ్జం పొడిచి, పోగును అందులోంచి దూర్చింది. ఊడిపోకుండా పోగు చివర చిన్న ఉండలా చేసింది కూడా. నా జాకెట్లు కుట్టే మాస్టారు కూడా ఇంత శ్రద్ధ పెట్టడు. అత్తయ్య కాఫీ చల్లారిపోయింది.

ఆ ఆకుసంచిలోనే గుడ్లు పెట్టింది, పొదిగింది. పండుగ వారానికి మూడు నోళ్ళు పైకి తెరుచుకుని కనిపించాయి. ఇటు కాయ కూడా నిగనిగలాడుతూ నా మోచెయ్యంత అయింది. ఇంకొన్నాళ్ళు ఆగితే ముదిరిపోయే వయసు.

శనివారం కత్తెర పట్టుకుని స్టూలెక్కాను. ఎందుకైనా మంచిదని ముందు కాయ కింద చెయ్యి పెట్టి కాస్త ఎత్తాను. బరువు తగ్గగానే తీగ జివ్వున పైకి లేచింది. గూడు పక్కకి ఒరిగింది. లోపల్నుంచి ఒకటే గోల! మెల్లగా కాయను కిందికి వదిలాను. గూడు సర్దుకుంది. ఆ కాయ బరువే గూటిని నిలబెడుతోందన్న మాట.

స్టూలు దిగి అక్కడే కూలబడ్డాను. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు? ఏడాదంతా పడిన పాటు!

"ఆ పోగులు దేవుడివి. ఆ పిట్ట అడక్కుండా తీసుకుని ఇల్లు కట్టుకుంది. దేవుడు ఊరుకున్నాడు. మధ్యలో మనమెవరం?" అన్నారు అత్తయ్య.

"మరి క్వయర్ అక్కకి ఏం చెప్పను?"

"ఆవిడేమైనా దేవుడా?"

ఆదివారం వట్టి చేతులతో వెళ్ళాం. వేలం పాట చివర్లో అత్తయ్య లేచి నిలబడ్డారు. "మా ఇంటి సొరకాయ ఇంకా తీగ మీదే ఉంది. దాని పక్కన పిట్ట పిల్లల్ని పెట్టింది. అవి ఎగిరిపోయాక కోసిస్తాం. పాడేవాళ్ళు పాడండి!" చర్చి చర్చంతా నవ్వు. నేను తల వంచుకుని ఫోన్లో ఫొటో చూపించబోయాను.

"ఫొటోలు ఎవలైనా సూపిస్తరు. నేను పాడుతున్న. సాయంత్రం ఇంటికొచ్చి సూస్తా, కాయ ఉందో కథలు పడుతున్నరో!" అంది క్వయర్ అక్క. పోటీకి ఎవరూ రాలేదు.

అన్నట్టే వచ్చింది. నేను ముందే కాయకి ఎదురుగా కుర్చీ వేసి ఉంచాను. ఆవిడ కుర్చీ వైపే రాలేదు. పందిరి కింద అడుగుపెడుతూనే గూడు కంటబడింది. అంతే, హ్యాండ్‌బ్యాగు చంకలో పెట్టుకుని మెడ రిక్కించి నిలబడిపోయింది.

"అక్కా, కాయ ఇటుంది."

"ఆఁ, సూస్తా తియ్."

నేను దగ్గాను. కాయ మీద లేని దుమ్ము తుడిచాను.

"ఊకో జెర, బెదురుతయి!" నా పెరట్లో నన్నే కసిరింది. "ముదిరితే ముదరనీ. పిల్లలు ఎగిరేదాంక దీని మీద చెయ్యెయ్యకు, చెప్తున్న."

ఆ కాయ పాడుకున్నది తనే. వండుకుని తినాల్సిందీ తనే. నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చాలాసేపటికి ఆవిడ నెమ్మదిగా కాయ వైపు తిరిగింది. కింద నుంచి పైదాకా చూసింది.

"మస్తు కాయించినవ్ పిల్లా. గిసొంటిది మార్కెట్ల యాడ దొరుకుతది? నువ్వు నిజంగ..."

ఏడాదిగా నేను ఎదురుచూస్తున్న మాట అది. సరిగ్గా అప్పుడే తల్లి పిట్ట పచ్చపురుగును ముక్కున కరుచుకుని వచ్చి గూటి అంచున వాలింది.

"ష్! మాట్లాడకండక్కా" అన్నాను.