అడుగున ఉన్నదే కావాలన్నాను

రీచార్జి కార్డు మీద వెండిపూతను గోటితో గీకి, అంకెలు ఫోన్‌లో కొట్టి నెట్ వేయించుకునే కాలం అది. ఒక్క ట్రైలర్ చూడాలంటే చక్రం తిరిగీ తిరిగీ అది మొదలయ్యేలోపల సందు చివరిదాకా వెళ్ళి టీ తాగి రావచ్చు. ఇప్పటి పిల్లలు ఆట విడుదలైన పూటే ఎవరో ఆడుతుంటే మొత్తం చూసేసి, విసుగొచ్చి వదిలేస్తున్నారు. అప్పట్లో మాకు, అందునా మార్కాపురంలో ఉన్న మాకు, రాబోయే ఆట అంటే పెళ్ళికొడుకు ఫోటో లాంటిది. ఒక్కటే ఫోటో, అదీ స్టూడియోలో తీసింది. మిగతాదంతా ఊహించుకోవడమే. నా స్నేహితులంతా ఊహించుకుని సంబరపడుతుంటే నేను మాత్రం ‘కుర్చీలో కూర్చునే ఎందుకు తీయించుకున్నాడు, నిలబడితే ఏం బయటపడుతుంది?’ అని అడిగే రకం.

ఆ గుణం నాది కాదు, దుకాణానిది. నాయనది స్టీలు సామాన్ల దుకాణం. పొదిలి నుంచి, కురిచేడు నుంచి వచ్చే అత్తలూ అక్కలూ కొంగుముడిలో అయస్కాంతం పెట్టుకుని వచ్చేవాళ్ళు. అది గిన్నెకు అంటుకుంటే సరుకు నాసి అని లెక్క. అయస్కాంతం పరీక్ష నెగ్గిన గిన్నెను వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళు. ఇన్ని చేసినా పైన ఉన్న కంచం ఒక్కరూ తీసుకునేవాళ్ళు కాదు. ‘పైది కాదు నాయనా, అడుగునుండేది తియ్యి’ అనేవాళ్ళు. పైన పెట్టింది అంటగట్టడానికి, అసలైంది కింద దాస్తారు అని మా వైపు కొనేవాళ్ళందరి నమ్మకం. మా అమ్మ కూడా టమాటాల గంపలో చెయ్యి మోచేతిదాకా దించి అడుగువే ఏరేది. ఈ నమ్మకం సంగతి నాయనకు బాగా తెలుసు. అందుకే రవాణాలో చిన్న సొట్ట పడిన కంచాలను దొంతరలో అడుగునే పెట్టేవాడు. (ఇది తెలిసి పెరిగిన కొడుకును నేను. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.)

డిగ్రీ అయ్యాక నాకొక పని దొరికింది. విజయవాడలో ఒక మేడం తెలుగులో కన్సోల్ ఆటల వెబ్‌సైట్ నడిపేది. ముఖ్యంగా కొట్లాట ఆటలు, తుపాకీ ఆటలు. అవి రాబోతున్నాయనగానే ట్రైలర్ చూసి ప్రివ్యూ రాయాలి. అందరూ ‘అద్భుతం, అదరహో’ అని రాస్తుంటే నేను సరుకు దింపుకునేవాడిలా రాసేవాణ్ణి. ఒక తుపాకీ ఆట గురించి నేను రాసిన ముక్క ఇప్పటికీ గుర్తుంది: ‘మూడు నిమిషాల ట్రైలర్‌లో మూడు నిమిషాలూ వానే. వానలో ఏ గోడైనా మెరుస్తుంది. ఒకసారి ఎండలో చూపించమనండి. వీరుడు తుపాకీ ఎక్కుపెట్టాడు, పేల్చేలోపల తెర నల్లబడింది. అది పేలుతుందో లేదో కంపెనీకి కూడా ఇంకా తెలియదని మా అనుమానం.’ చదివేవాళ్ళకు ఇది నచ్చింది. నాకు ‘అనుమానం అన్న’ అని పేరు పెట్టారు. నేను దాన్ని బిరుదనుకున్నాను.

నాయనకు మాత్రం ఈ ఉద్యోగం మీదే అనుమానం.

“ఇంకా రాని ఆట మీద రాసేదేందిరా? రేపొచ్చే గిన్నెకి ఈ రోజే సొట్ట వెతుకుతావా?”

“ట్రైలర్ ఉంటాది నాయనా. మన షోకేసు మాదిరి.”

“షోకేసులోది మనం ఎప్పుడన్నా అమ్మినామా?”

“అదే రాస్తున్నా నాయనా.”

ఆ జవాబు ఆయనకు కాస్త నచ్చినట్టే ఉంది గానీ మొహంలో కనపడనివ్వలేదు. “సరే. ఎండాకాలం సెలవులు అయ్యేదాక చూస్తా. ఆలోపల పర్మనెంట్ చేసుకున్నారా, మంచిది. లేదంటే వచ్చి దుకాణంలో కూర్చో. ఇంక ఆ ఫోన్ చూసుకుంట నవ్వేది ఉండగూడదు.” మేడంకు ఈ గడువు గురించి చెప్పాను. “అయితే ఒక అసలు రివ్యూ రాయండి, ఆడి రాయండి. బాగుంటే ఖాయం చేస్తాను” అంది.

వారం తిరక్కుండానే కొరియర్‌లో ఒక డిస్కు వచ్చింది. ఇంకా బజారులోకి రాని కొట్లాట ఆట. దాంతోపాటు ఒక ఉత్తరం: ఫలానా తేదీ దాకా ఈ ఆట గురించి ఎవరికీ చెప్పకూడదు. నాకు ఒళ్ళంతా అనుమానం పాకింది. బాగున్న సరుకు గురించి నోరు మూసుకోమని ఎవడైనా చెబుతాడా?

నాకు సొంత కన్సోల్ లేదు. (ఆటల మీద ఏడాదిగా రాస్తున్నవాడికి కన్సోల్ లేదని చదివేవాళ్ళకు చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు.) బస్టాండు వెనక గేమ్ పార్లర్ నడిపే ఆయన్ను ఊళ్ళో పిల్లలంతా మామూ అనేవాళ్ళు. ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చిన చేయి. రెండు టీవీలు, ఒక కూలరు, నీలంరంగు కర్టెను, అదే పార్లరు. పొద్దున్నే పిల్లలు రాకముందు రెండు గంటలు నాకు వదిలేస్తానన్నాడు.

డిస్కు వేయగానే ఆట అడిగింది: ముందు శిక్షణ తీసుకుంటారా? ఉచితంగా నేర్పిస్తానంటే నేను నమ్ముతానా? వద్దన్నాను. కొత్తగా ఆడేవాళ్ళకిచ్చే సాయం కావాలా? అడక్కుండా ఇచ్చే సాయం అసలు వద్దన్నాను. తర్వాత ఎంత కష్టంగా ఆడతారని నాలుగు రకాలు చూపించింది. అన్నిటికన్నా పైన తేలికది, అప్పటికే వెలిగి ఉంది, నొక్కండి నొక్కండి అన్నట్టు. కిందికి పోయేకొద్దీ కష్టం. అట్టడుగున పుర్రె బొమ్మ. నా చెయ్యి నా మాట అడక్కుండానే అడుక్కు వెళ్ళిపోయింది. పైవి ఎవరికో అంటగట్టే రకం. అసలు ఆట పుర్రె కింద దాచారు.

మొదటి కొట్లాట పదకొండు సెకన్లలో అయిపోయింది. ఒక గొడ్డలివాడు వచ్చాడు, నేను బటన్ మీద వేలు పెట్టేలోపల నన్ను గాల్లోకి లేపాడు, కింద పడనివ్వకుండానే చంపాడు. రెండోసారీ అంతే. పదోసారి ఓడాక తెర మీద ఒక మాట వచ్చింది: కొంచెం తేలిక చేయమంటారా?

నేను మామూ వైపు తిరిగి కన్నుకొట్టాను. “చూసినావా మామూ? దిగొస్తున్నాడు.”

“అరే, దిగొస్తే ఊ అను అల్లుడూ!”

“మొదటి మాటకే ఊ అంటే ఎట్ల? ఇంకా దిగుతాడు చూడు.” వద్దని నొక్కాను. మళ్ళీ ఓడాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. చివరికి బేరం మధ్యలో మా దుకాణం మెట్లు దిగిపోయే అత్తల పద్ధతి ప్రయోగించాను. ఆట ఆపేసి, మొదటి పేజీకి వచ్చి, రిమోట్ కింద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మామూ కాసేపు నన్నూ టీవీనీ మార్చి మార్చి చూశాడు. “ఏం చేస్తున్నావు రా?”

“పోతున్నట్టు చేస్తున్నా.”

“అల్లా! డబ్బా వెనక్కి పిలుస్తాది అనుకుంటున్నావా నిన్ను?”

నాలుగు పొద్దులు ఇలాగే గడిచాయి. గొడ్డలివాణ్ణి దాటి రెండోవాడి మొహం చూడలేదు. ఐదో రోజు రివ్యూ పంపాను. ‘ఇది కొట్లాట కాదు, తూకంలో మోసం. మన దెబ్బ పడేలోపల ఎదుటివాడి దెబ్బ పడుతుంది. ఉచిత శిక్షణ, ఉచిత సాయం అంటూ మొదటే ఊరించడం చూస్తే కంపెనీకి తన తప్పు తెలుసని అర్థమవుతుంది. కొనకండి.’ విడుదల రోజు పొద్దున అది సైట్‌లో వచ్చింది. గంటలో మేడం ఫోన్ చేసింది. “ఇంత ధైర్యంగా ఎవరూ రాయలేదండీ. ఒకటో తారీకు నుంచి మీరు పర్మనెంట్.” కింద కొందరు పాఠకులు ‘ఆట బాగానే ఉందే బ్రదర్’ అని రాశారు. వాళ్ళంతా కంపెనీ మనుషులని తేల్చుకుని, సాయంత్రం గర్వంగా పార్లరుకు వెళ్ళాను.

అక్కడ నేను వదిలిపోయిన డిస్కుతో మామూ కూతురు ఆడుతోంది. ఐదో తరగతి సెలవులు. తెర మీద గొడ్డలివాడు లేడు. ఎవరో రెక్కల మనిషి నేలమీద పడి ఉన్నాడు.

“గొడ్డలాయన ఏడమ్మా?”

“ఆయనెప్పుడో పడిపోయినాడు అన్నా. ఈయన ఆరో ఆయన.”

నేను పక్కన కూలబడ్డాను. ఆ పిల్ల ఆట మొదటికి తెచ్చి నాకు చూపించింది. శిక్షణలో ఆ గొడ్డలి దెబ్బను ఎలా కాచుకోవాలో మొట్టమొదటి పాఠంలోనే చెప్పి ఉంది. తర్వాత అది నాలుగు రకాల పేజీ తెరిచి, పుర్రె మీద వేలు పెట్టింది. “మా అబ్బా చెప్పినాడు, నువ్వు ఇది నొక్కినావంట. ఎందుకన్నా?”

“అడుగున ఉండేది మంచిది కదమ్మా.”

“ఎవరు చెప్పినారు?”

పదేళ్ళ పిల్ల ప్రశ్న. నాయన సొట్ట కంచాలు పేర్చే చెయ్యి కళ్ళముందు కనబడింది.

అప్పటికీ నోరు మూసుకునే ఉండేవాణ్ణేమో. ఉద్యోగం ఖాయమైంది, గడువుకు ఇంకా ఇరవై రోజులున్నాయి, పుర్రె సంగతి తెలిసింది ఇద్దరికే. ఆట ఎంతో కొంత మోసం చేసే ఉంటుందని నాతో నేనే బేరమాడుకుంటున్నాను కూడా. ఇంతలో మామూ కూలరులో నీళ్ళు పోస్తూ మామూలుగా అన్నాడు: “గిద్దలూరులో మా తమ్ముడు పార్లర్ పెట్టినాడు కదా. ఈ ఆట తెప్పించాలనుకున్నాడు. పొద్దున నీది చదివి వద్దన్నాడు. ఎదురుగా ఉండేటోడు తెచ్చినాడంట. పిల్లలంతా ఆడికే పోయినారంట.” కోపం లేదు ఆయన గొంతులో. “నీ మాట మీద అన్నాడు రా వాడు” అని మాత్రం కలిపాడు. కోప్పడి ఉంటే తప్పించుకునే దారి వెతుక్కునేవాణ్ణి.

బయటికొచ్చి మేడంకు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, రిమోట్ కింద పెట్టి చేతులు కట్టుకున్న సంగతి కూడా.

“అంటే ఆట మంచిదేనా?”

“మంచిదే మేడం. కొనేవాడే మంచోడు కాదు.”

“తీసేయమంటారా రివ్యూ?”

“వద్దు. అది ఉండనీయండి. నేనెట్ల తప్పుచేసినానో దానికింద రాస్తా. ఆ తర్వాత ఉద్యోగం ఇస్తారో లేదో మీ ఇష్టం.” ఈ చివరి మాటలో బేరం లేదు. ఒట్టు. అంతకుముందెప్పుడూ బేరం లేకుండా మాట్లాడలేదు గనక జవాబు కోసం ఆగకుండా నేనే ఫోన్ పెట్టేశాను.

మర్నాడు ఆ క్షమాపణా సైట్‌లో వచ్చింది. మామూ తమ్ముడు చదివి ఆట తెప్పించాడు. పిల్లల్లో సగంమంది తిరిగొచ్చారని, మిగతా సగం ఎదురు పార్లర్లో కూలరు పెద్దదని అక్కడే ఉండిపోయారని తెలిసింది. క్షమాపణ వచ్చిన సాయంత్రమే మేడం ఫోన్ చేసింది. “చూడండి, ప్రివ్యూలు మీరే రాయాలి. చూడనివాటిని అనుమానించడంలో మీ అంతటివాళ్ళు లేరు. చూసినవాటి జోలికి మాత్రం దయచేసి వెళ్ళకండి. రివ్యూలు వేరేవాళ్ళకు ఇస్తాను. ఒకటో తారీకు, గుర్తుందిగా?”

నాయనకు చెప్పాను. ఆయన కంచాలు తుడుస్తున్నవాడు ఆగాడు.

“తప్పు రాసినావు.”

“రాసినాను నాయనా.”

“తప్పని నువ్వే మళ్ళా చెప్పినావు, ఊరందరికీ.”

“చెప్పినాను.”

“అయినా ఉద్యోగమిచ్చినారా?” కంచం పక్కన పెట్టి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. “ఏందిరా వాళ్ళ మతలబు? సంతకం పెట్టొద్దు. ఆ కాగితం ముందు నాకు చూపించు.”

చూపించాను. మూడుసార్లు చదివాడు, వెలుతురుకు ఎత్తిపట్టి వెనకవైపు నుంచి కూడా చూశాడు. ఏమీ దొరక్కపోవడంతో ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

పదేళ్ళు దాటింది. ఆ సైట్‌లోనే ఉన్నాను, ఇప్పటికీ ప్రివ్యూలే. ఆ రివ్యూ కూడా అక్కడే ఉంది, కింద దాని క్షమాపణతో సహా. పని తోచనప్పుడు తెరిచి చదువుకుంటాను. క్షమాపణ కాదు, పైదే. ఈమధ్య ట్రైలర్లు చూస్తుంటే వానలో మెరిసే గోడ కూడా బాగానే ఉన్నట్టు అనిపిస్తోంది, ఏమో నిజంగానే మంచి ఆటేమో అనిపిస్తోంది, రాసిన ప్రతి వాక్యానికీ ‘బహుశా’ తగిలిస్తున్నాను. ఆ రివ్యూ రాసిన కుర్రాడి వాక్యాల్లో ఒక్క బహుశా లేదు. ఒక గొడ్డలివాణ్ణి కూడా దాటలేనివాడు ప్రపంచంలోని కంపెనీలన్నిటినీ నిలబెట్టి అడుగుతున్నాడు. పిచ్చోడు. ఎంత నమ్మకంగా అనుమానపడ్డాడో!