బుచ్చవ్వ ముక్కు

నిర్మల్‌లో పొనికి కట్టెతో బొమ్మలు చేసే రాయమల్లుకు ముక్కులు చెక్కడంలో మంచి పేరుంది. అమ్మవారి బొమ్మకైనా, కడవ ఎత్తుకున్న పడుచు బొమ్మకైనా ఆయన ఉలి ఒకటే ముక్కు పెడుతుంది. నిటారుగా, సన్నగా, కొసకు కాస్త తేలి ఉంటుంది. ఆయన భార్య బుచ్చవ్వది అలాంటిది కాదు. వెడల్పుగా, అణిగి ఉండేది. "చప్పిడి ముక్కుదాన్ని తెచ్చుకున్నవేందిరా" అని పెళ్లి పందిట్లోనే మేనత్త అన్నప్పుడు అందరితోపాటు రాయమల్లూ నవ్వాడు.

ఆ ముక్కు కూడా పోయింది. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి అడవికి వెళ్లిన బుచ్చవ్వ మీద, అదే పువ్వు కోసం వచ్చిన గుడ్డెలుగు పడింది. ప్రాణం దక్కింది. ముఖం మధ్యలో రెండు రంధ్రాలు మిగిలాయి. వాడకట్టులో అందరికీ సంగతి తెలుసు. తెలియనివాళ్లకు మాత్రం ముక్కు లేని ఆడది అంటే ఒకటే అర్థం, తప్పు చేస్తే మొగుడు కోసేశాడని. బుచ్చవ్వ అంగడికి పోవడం మానేసింది. చెల్లెలి పెళ్లికీ పోలేదు.

పట్నం పెద్ద దవాఖానలో నుదుటి చర్మం తిప్పి ముక్కు చేస్తారని ఎవరో చెప్పగా, రెండేళ్ల తర్వాత ఇద్దరూ బస్సెక్కారు. ఆడవాళ్ల సీటులో బుచ్చవ్వ కొంగు నిండా కప్పుకొని కూర్చుంది. వెనక సీటులో రాయమల్లు. ఆర్మూరు దాటాక, కిటికీ వైపు తిరిగి ఉన్న ఆమె కొంగు గాలికి జారింది.

రాయమల్లు పక్కన కూర్చున్న భైంసా పత్తి బేరగాడు మోచేత్తో పొడిచాడు. "చూసినవా పటేలా? మొగడు మంచిగనే బుద్ధి చెప్పిండు. నీతోనే ఎక్కింది గదా, నీకేమైతది?"

ఎలుగు సంగతి చెబుదామని రాయమల్లు నోరు తెరిచాడు. బస్సులో తలలన్నీ ఇటే తిరిగాయి.

"మా ఊరామె," అన్నాడు.

బుచ్చవ్వ కొంగు సర్దుకుంది. వెనక్కి తిరగలేదు.

దవాఖానలో డాక్టరు ఆంధ్ర వైపు మనిషి. "నీతో ఎవరొచ్చారమ్మా?" అని అడిగాడు.

"మా ఊరాయన సారూ," అంది బుచ్చవ్వ.

రాయమల్లుకు చెవులు కాలిపోయాయి. "పెనిమిటిని సారూ," అన్నాడు.

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. వివరాలన్నీ రాసుకొని, రాయమల్లు చేతిలో మైనం ముద్ద పెట్టాడు. "బొమ్మలు చేస్తావటగా. ఫోటో కూడా లేదంటున్నారు. ఈమె ముక్కు ముందెలా ఉండేదో చేసి చూపించు. ఎంత చర్మం తీయాలో దాన్నిబట్టి కొలుచుకుంటాను."

బస్సులో అన్న మాటను దీంతో మాపుకోవచ్చనుకున్నాడు రాయమల్లు. పొద్దంతా వరండాలో కూర్చొని వేళ్లతో ఒత్తాడు, గోటితో దిద్దాడు. ఇంత మంచి ముక్కు తను ఎన్నడూ చేయలేదనిపించింది. తీసుకెళ్లి వార్డులో మంచం మీదున్న బుచ్చవ్వ అరచేతిలో పెట్టాడు.

ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది ఎవల్ది?"

"నీదే."

"నాది గిట్లుంటుండెనా? ఇన్నేండ్లు గీ మొకం ముంగటనే కూసొని బువ్వ తింటివి గదయ్యా!"

పక్క మంచం మీది ముసలామె పోశవ్వ నవ్వింది. "పోనియ్యవే, మంచిగనే ఉన్నది. పెట్టిచ్చుకో. దొరసాని లెక్క అయితవు."

"దొరసాని ముక్కు నాకెందుకవ్వా? మా అవ్వది గిట్ల లేదు, మా చెల్లెది గిట్ల లేదు. గీయనకు బొమ్మలే గుర్తుంటయి."

రాయమల్లు తల వంచుకొని అసలు ముక్కును గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. మేనత్త మాట గుర్తొచ్చింది. పందిట్లో తన నవ్వు గుర్తొచ్చింది. ముక్కు మాత్రం కళ్లముందుకు రాలేదు.

బుచ్చవ్వ బొటనవేలితో మైనాన్ని నొక్కింది. మొన అణిగింది. రెండు పక్కలా లాగి వెడల్పు చేసింది.

మర్నాడు డాక్టరు దాన్ని చూసి, "సన్నగా కావాలంటే అలాగే చేస్తానమ్మా," అన్నాడు.

"వద్దు సారూ. నాది నాకియ్యుండ్రి."

కోతలు, కట్లు అన్నీ అయ్యేసరికి వానలు పడ్డాయి. వచ్చిన ముక్కు కాస్త మొద్దుగా, అణిగి ఉంది. బుచ్చవ్వ అద్దంలో చాలాసేపు చూసుకొని, "మా అవ్వ లెక్కనే ఉన్న," అంది.

తిరుగు బస్సులో రాయమల్లు ఆమె పక్కనే కూర్చున్నాడు. నుదుటి మచ్చ దాకా కొంగు లాక్కుందామె. ముఖం కప్పుకోలేదు.

"గిప్పుడు ఎవలన్న అడిగితే ఏమంటవు?" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ.

"నా పెండ్లామంట."

"అను మరి."

ఎవరైనా అడుగుతారేమోనని రాయమల్లు కాచుకొని కూర్చున్నాడు. కామారెడ్డిలో ఎక్కినవాళ్లు, ఆర్మూరులో ఎక్కినవాళ్లు ఆమె ముఖం మీదుగా చూసి, తమ మూటలు సర్దుకున్నారు. బస్సు గోదావరి దాటింది. నిర్మల్ బురుజులు కనిపించాయి. ఒక్కరూ అడగలేదు.