సరోజ చూసి పాస్ చేసిన అతుకు

నిన్న పొద్దున వాషర్‌మెన్‌పేట్‌లో ఆటో దిగుతుండగా ఫోన్ మోగింది. మా మరదలు వనజ.

"బావా, అక్క పోయింది. నిద్రలోనే."

డాక్టరు ముందే చెప్పారు. అందరం సిద్ధంగానే ఉన్నామనుకున్నాను. రెండో చేత్తో పెద్ద కాఫీ డ్రమ్ము పట్టుకుని ఉన్నాను. ఆటో అతను అందుకోకపోతే కింద పడేసేవాణ్ణి.

దాన్ని మెస్ నడిపే కల్యాణి గుమ్మంలో పెట్టి, అదే ఆటోలో తిరిగి వచ్చాను.

నా భార్య సరోజ ఇక లేదు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఆ టైములో పక్కన లేరా అని కొందరు అడిగారు.

లేను. తనే పంపింది.

అంబత్తూరులో వాళ్ళ నాన్న పెట్టిన స్టీలు సామాన్ల షెడ్డును సరోజ నడిపేది. హోటళ్ళకు, మెస్సులకు పాల క్యాన్లు, కాఫీ డ్రమ్ములు. సన్నటి మంటతో అతికే టిగ్ వెల్డింగ్ ఆయన దగ్గరే నేర్చుకుంది. షెడ్డులో పలుచటి రేకు పని తనొక్కతే చేసేది.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. షెడ్డులో నా పని కుర్చీలో కూర్చుని పేపర్ చదవడం.

కీమో తర్వాత తన వేళ్ళలో స్పర్శ పోయింది. వెల్డింగ్ టార్చ్ పట్టుకున్నదీ లేనిదీ తెలిసేది కాదు. అప్పటికి కల్యాణి డ్రమ్ము సగంలో ఉంది. అడుగు పళ్ళేనికి వెల్డింగ్ పెట్టాలి.

బయట ఎవరికైనా ఇద్దామన్నాను.

"నా డ్రమ్ముకి ఇంకొకరు అడుగు పెట్టేదా? మీరు పెట్టండి. నేను చెప్తాను."

"నేనా?"

"ఏం, చేతుల్లేవా? దినమూ పేపరు పట్టుకోవటంలా?"

డ్రమ్ము పూర్తి కావాలి. కారకూడదు. తను ఉండగానే కల్యాణికి చేరాలి. సరోజ ఇంకేమీ కోరలేదు.

ఒక మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ రేకు. టార్చ్ ఒకచోట కాస్త ఆగితే చిల్లు. మొదట్లో తుక్కు రేకు మీద చిల్లులు తప్ప ఇంకేమీ చేయలేదు. సరోజ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వెల్డింగ్ అద్దం మొహానికి అడ్డం పెట్టుకుని చూసేది.

కరెంటు తగ్గించింది. టార్చ్‌లోని టంగ్‌స్టన్ కడ్డీ మొనను సూదిలా సానబెట్టించింది. వేడిని లాక్కోవడానికి రేకు వెనక రాగి పట్టీ పెట్టించింది. మోచెయ్యి బల్లకు ఆనించమంది.

చిల్లులు తగ్గాయి.

కానీ తుక్కు రేకుతో డబ్బా చేసి నీళ్ళు పోస్తే చుక్క కారేది. ప్రతి డబ్బాకూ ఒకే చోట. వెల్డింగ్ ముగిసే చోట.

తను షెడ్డుకు రాలేని స్థితి వచ్చాక, ఆ డబ్బాలు ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టేవాణ్ణి. అతుకు రంగు చూసి చెప్పేది. లేత బంగారు రంగైతే మంచిది. నీలమైతే ఫర్వాలేదు. బూడిద రంగైతే మాడినట్టే.

నా అతుకంతా బంగారు రంగే. చివర మాత్రం ఒక బూడిద మచ్చ, దాని మధ్యలో సూదిమొనంత గుంట.

"ఈడికొచ్చినాక ఏం చేస్తా ఉండారు మీరు?"

"అయిపోయింది కదా అని టార్చ్ తీసేస్తున్నాను."

"ఎందుకు?"

"ఎలా వచ్చిందో చూద్దామని."

నవ్వింది. నొప్పికి కడుపు పట్టుకుని మరీ నవ్వింది.

"అంతమంది పిల్లకాయల్ని తొందరపడొద్దని తిట్టినారే, మీకేం తొందర సార్? అది యాడికీ పోదు. కాలికింద పెడల్ మెల్లగా వదలండి. ఆఖర్లో రాడ్ ఇంకొంచెం కరిగించి ఇయ్యండి. చెయ్యి మాత్రం ఆడనే ఉంచండి, గ్యాస్ ఆగేదాకా. చల్లారనీయండప్పా!"

మంట ఆరాక కూడా టార్చ్ నుంచి ఆర్గాన్ గ్యాస్ కాసేపు వస్తూనే ఉంటుంది. వేడి మీదున్న లోహానికి గాలి తగలకుండా కాపాడేది అదే. ఆ సంగతి నాకు తెలిసిందే. అయినా చూడాలన్న ఆత్రం ఆగేది కాదు.

మర్నాటి నుంచి ఒక ఉపాయం పాటించాను. మంట ఆరగానే కళ్ళు మూసుకుని, చెయ్యి కదపకుండా గ్యాస్ శబ్దం వినేవాణ్ణి. అది ఆగాకే కళ్ళు తెరవడం.

ఈ సంగతి చెబితే, "పూజ చేస్తా ఉండారా?" అని అడిగింది.

మొన్న సాయంత్రం అసలు డ్రమ్ము ఇంటికి తెచ్చాను. స్టూలు మీద పెట్టి నిండా నీళ్ళు పోసి, కింద ఆ రోజు పేపర్ పరిచాను. సరోజ పక్కకు తిరిగి పడుకుని ఆ పేపర్‌నే చూస్తూ ఉంది. వనజ టీవీలో సీరియల్ పెడతానంటే వద్దంది.

"ఉండవే. నా సీరియల్ ఈడ నడస్తా ఉంది."

ట్యూబ్‌లైట్ వేసే వేళ దాకా చూసింది. పేపర్ పొడిగానే ఉంది.

"హమ్మయ్య" అంది.

కాసేపటికి మళ్ళీ, "సరి, రేపు పొద్దున్నే కల్యాణికి ఇచ్చేసి రండి. పాపం ఆ యమ్మ ఎదురుచూస్తా ఉంటాది" అంది.

ఆ రాత్రి నొప్పి మందు అడగలేదు.

అందుకే దుఃఖం ఉన్నా మనసు తేలికగా ఉంది. ఇలా రాయవచ్చో లేదో తెలియదు. ఇన్ని నెలలూ నాకు రెండు భయాలు. తను నొప్పితో మెలికలు తిరుగుతూ పోతుందేమోనని. ఆ డ్రమ్ము గురించి అడుగుతూ పోతుందేమోనని.

రెండూ జరగలేదు.

నిన్న ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. శ్మశానం నుంచి వచ్చి, స్నానాలు చేసి కూర్చున్నాం. కల్యాణి ఆటోలో కాఫీ తెచ్చింది. ఆ డ్రమ్ములోనే. వరండాలో స్టూలు మీద పెట్టి, వచ్చినవాళ్ళందరికీ తనే గ్లాసుల్లో పట్టి ఇచ్చింది.

"చూడన్నా, ఒక్క చుక్క కారలా. సరోజక్క పనంటే పనే" అంది కళ్ళు తుడుచుకుంటూ.

వనజ నా వైపు చూసింది.

నేను అవునన్నాను.

కాఫీ వేడిగా ఉంది. ఇంకో గ్లాసు అడిగి తాగాను.

నొప్పి అయిపోయింది సరోజా. హాయిగా పడుకో. నా గురించి బెంగ పెట్టుకోకు.