నడిగూడెం దారిలో మా డ్రైవరన్న

మొన్న పొద్దున దవాఖానలో కట్టు కడుతుండగా, మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక రోగి చెప్పాడు, మా పక్కింటి డ్రైవరన్న అక్కడ తన చెల్లెలి ఇంట్లో జ్వరంతో పోయాడని. నా చెయ్యి ఆగిపోయింది. "మీకేమైతడు నర్సమ్మా?" అని అడిగాడు ఆ మనిషి.

సూర్యాపేటలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. యుద్ధం ముగిశాక మిలటరీవాళ్లు అమ్మేసిన పాత లారీని ఒక షావుకారు కొన్నాడు. దాన్ని డ్రైవరన్న నడిపేవాడు. వానకాలం ఎడ్లబండ్లు దిగబడే రేగడి బురదలో కూడా అది తిరిగేది. అదంతా లారీ గొప్పే అనుకునేదాన్ని.

వాగు అడ్డమొస్తే ముందు తానే దిగేవాడు. ధోతి ఎగగట్టి, కర్రతో లోతు చూసుకుంటూ అవతలి గట్టుదాకా నడిచి వచ్చేవాడు. నీళ్లు మోకాలు దాటితే ఇంజను ఫ్యాను బెల్టు వదులు చేసేవాడు. ఫ్యాను తిరిగితే నీళ్లు ఎగజిమ్మి, ఇంజనుకు నిప్పందించే ప్లగ్గులు తడుస్తాయట. ప్లగ్గుల తీగలకు గ్రీసు పూసిన గుడ్డ చుట్టేవాడు. ఇక ఒకే గేరులో, నిమ్మళంగా పోయేవాడు. దాటాక ఇంజను ఆయిలు తీసి చూసేవాడు.

"పాలలెక్క తెల్లగైతే నీళ్లు సొచ్చినట్టేనమ్మా. గప్పుడు బండి కదిలియ్యొద్దు" అనేవాడు.

నిరుడు శ్రావణంలో నడిగూడెం నుంచి ఒక గొల్లాయన దవాఖానకు వచ్చాడు. కూతురికి రెండు రోజులుగా నొప్పులు, కాన్పు కావడం లేదు. డాక్టరుగారు ఊళ్లో లేరు. కోదాడకు లోడు కోసం బయలుదేరుతున్న డ్రైవరన్న మా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. మునగాల దాటాక ఒక వాగు. అన్నీ సరిచూసుకునే లారీని దింపాడు. అయినా వరద కోసిన గుంటలో ముందు చక్రం పడింది. ఇంజను నీళ్లు మింగి ఆగిపోయింది. గొల్లాయన పక్క పొలాల్లోంచి ఎడ్లను తెచ్చి లారీని గట్టుకు లాగించాడు.

"హ్యాండిలు తిప్పి ఇంజను స్టార్టు చెయ్యన్నా, జల్ది!" అన్నాను.

"తిప్పనమ్మా. లోపల నీళ్లున్నయ్. గిప్పుడు తిప్పితే రాడ్డు వంగుతది, ఇంజను ఖతం. జర కూసో."

ఒక్కొక్క ప్లగ్గూ విప్పి తుడవసాగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ పిల్లకేమన్న అయితే పాపం నీదే!"

ఆయన తలెత్తలేదు. చివరి ప్లగ్గు కూడా తీసి, అప్పుడు హ్యాండిలు తిప్పాడు. ప్లగ్గులు తీసిన కంతల్లోంచి నీళ్లు పిచికారీలా చిమ్మాయి. అవి ఆగేదాకా తిప్పి, ఆయిలు చూసి, ఆరిన ప్లగ్గులు మళ్లీ బిగించాడు. మూడో తిప్పుకు ఇంజను అందుకుంది.

నడిగూడెం చేరాం. పొద్దు వాలకముందే కాన్పయింది. తల్లీ బిడ్డా దక్కారు.

వాగు దగ్గర ఆ మాట అన్నందుకు మన్నించమని ఆయన్ను నేనెప్పుడూ అడగలేదు. రేపు అడుగుదామనుకుంటూనే ఏడాది గడిపేశాను. ఆయన మాత్రం, నేనేమీ అననట్టే, గోడ మీదుగా కనిపించినప్పుడల్లా "నడిగూడెం పిల్ల మంచిగున్నదా అమ్మా?" అని అడిగేవాడు.

కాన్పయిన రోజు పాపను గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి డ్రైవరన్నకు చూపించాను. ఆయన గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అంతా గ్రీసేనమ్మా. ముట్టను."

"ముట్టు బిడ్డా, ఏం గాదు" అంది గడపలో నిలబడ్డ పాప అమ్మమ్మ.

ఆయన తన రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మరకలేని చోటు ఒక్క మోచెయ్యే కనిపించింది. వంగి, ఆ మోచేత్తో పాప అరికాలిని మెల్లగా తాకాడు. పాప కాలు ముడుచుకుంది.