పేరు లేని ఫొటోకు దోసెడు నీళ్ళు

మేముండే ఈ పరాయి దేశపు పేట ద పాండ్స్‌లో చెరువు పక్క బెంచీ దగ్గర రోజూ పొద్దున నా కబుర్లకు జనం మూగేవారు. అంత లేదు లెండి, ఒక్కడే వచ్చేవాడు. కెన్యా నుంచి కూతురి దగ్గరికి వచ్చిన లువో తెగ పెద్దాయన, నా ఈడువాడే. మా ఇంట్లో అందరూ ఆఫీసులకూ యూనివర్సిటీకీ పోయాక సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఆయనే. ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రం కాబట్టి ఒకరికొకరు నచ్చాం.

ఒకరోజు కోటు జేబులోంచి పాత ఫొటో నకలు తీశాడు. తెల్లదొరల కాలం నాటిది. అందులో ఒక మనిషి: తలమీద ఈకల కుచ్చు, చేతిలో డాలు, కొద్దిగా తెరిచిన నోట్లో కింది ముందు పళ్ళు లేవు. వయసొచ్చాక వాటిని తీయించుకోవడం వాళ్ళ పాత ఆచారమట.

"మా తాత," అన్నాడు. కళ్ళు మూసుకుని వంశం పేర్లన్నీ వరసగా అప్పజెప్పాడు. "మనవలు వినరు. నువ్వు విన్నావు, చాలు."

నేను ఊరుకుంటానా? "మాకు పద్నాలుగు తరాలు నోటికొచ్చు," అన్నాను. తద్దినాల పుణ్యమా అని నాన్న, తాత, ముత్తాత గోత్రంతో సహా గడగడా వచ్చారు. నాలుగో పేరు నాకు తెలీదు. వెంటనే బాపట్లలో రైలెక్కేశాను. నిడుబ్రోలు, తెనాలి, దుగ్గిరాల, అందరూ మా పూర్వీకులే! ఆయన టోపీ తీసి, తల వంచి విన్నాడు.

ఆ వంచిన తల ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. నిజం చెబితే ఇక బెంచీకి రాడేమో. ఉన్న ఒక్క మనిషీ పోతాడు. అయినా మర్నాడు చెప్పేశాను.

"తెలుసులే, ముసలి దొంగా," అన్నాడు. "మూడు పేర్ల దాకా కళ్ళు మూసుకున్నావు. నాలుగోదానికి తెరిచావు."

తర్వాత ఫొటో మళ్ళీ బయటికి తీశాడు. "ఈయన మా తాతో కాదో నాకూ తెలీదు. ఫొటో తీసిన దొర తెగ పేరు రాసుకున్నాడు, మనిషి పేరు అడగలేదు. మా తాతకు ఫొటో లేదు. ఈయనకు పేరు లేదు. కలిపేశాను."

"నేనేమన్నా వద్దన్నానా?" అన్నాను.

చలికాలం ముందు కూతురికి పెర్త్‌లో ఉద్యోగమొచ్చి ఆయన్నీ తీసుకుపోయింది. వెళ్తూ ఫొటో నా చేతిలో పెట్టాడు. "నా దగ్గర ఇంకోటుంది. దీన్ని నీ స్టేషన్లలో ఎక్కడో ఒకచోట దింపు."

మొన్న మహాలయ అమావాస్యకు పెరట్లో బట్టల తీగల కింద నువ్వులూ నీళ్ళూ పెట్టుకుని కూర్చున్నాను. మా మూడు తరాలూ అయ్యాక, పేరూ గోత్రమూ తెలియనివాళ్ళకు, నా అన్నవాళ్ళు లేనివాళ్ళకు చివర్న ఒక తర్పణం ఉంటుంది. ఇన్నేళ్ళూ దాని మంత్రాన్ని గబగబా మింగేసి లేచేవాణ్ణి. ఈసారి ఫొటోను చెంబుకు ఆనించి, నిదానంగా దోసెడు నీళ్ళు వదిలాను.

"తాతా, వై ఆర్ యూ వాటరింగ్ ద కాంక్రీట్?" గుమ్మంలోంచి మనవరాలు.

"మన చుట్టానికమ్మా."

"విచ్ చుట్టం?"

బస్సు టైమైందని జవాబు వినకుండానే వెళ్ళిపోయింది. ఆ నీళ్ళు ఆరేదాకా ఫొటోలో ఆయన కోసం అక్కడే కూర్చున్నాను. అలా రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి మోకాళ్ళు పట్టేశాయి. చెయ్యిచ్చి లేపడానికి ఇంట్లో ఎవరూ లేరు.